నడిచే తాబేలు

బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
9 సెప్టెంబర్ 1995

ప్రియమైన కాంతమణి అక్కకు,

నీ చెల్లెలు దేవకృప వందనాలు. ఇంట్లో అందరం బాగున్నాం. మిగతా కబుర్లన్నీ చివర రాస్తాను, ముందు ఇది విను.

ఈరోజు నేను కంప్యూటర్‌ని ముట్టుకున్నాను!

మా బడిలో కంప్యూటర్ గది ఉందని నీకు తెలుసు కదా. రెండేళ్ళ నుంచీ దాని కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూడడమే తప్ప లోపలికి వెళ్ళింది లేదు. అది ఇంగ్లీషు మీడియం వాళ్ళది. ‘అందులో ఉన్నదంతా ఇంగ్లీషే, తెలుగు మీడియం పిల్లలు ఏం చేస్తారు?’ అని మా హెడ్‌మిస్ట్రెస్ డోరా మేడమ్ అనేవారు. ఇప్పుడు ఆర్థర్ సార్ అని కొత్త కంప్యూటర్ సార్ వచ్చారు. ఆయన మేడమ్‌తో వాదించి, మా తొమ్మిదో తరగతి తెలుగు మీడియానికి శనివారం ఒక పీరియడ్ ఇప్పించారు. ఇది ప్రయోగంగా మాత్రమేనట. జనవరి మొదట్లో మేడమ్, స్కూలు కమిటీ పెద్దలు వచ్చి చూస్తారు. మేం ఏదైనా చేసి చూపిస్తే పీరియడ్ ఉంటుంది. లేకపోతే తలుపు మళ్ళీ మూసేస్తారు.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. లోపల ఎంత చల్లగా ఉందంటే, జగదాంబ చేతులు ముడుచుకుని ‘ఇక్కడ్నే పండుకుంటనే నేను’ అంది. జగదాంబ నా పక్క బెంచీ పిల్ల, మా వీధే. సార్ ఆకుపచ్చ గుడ్డ తొలగించి స్విచ్ వేశారు. తెర నల్లగా ఉండి, మధ్యలో చిన్న మూడు మూలల బొమ్మ వచ్చింది. ‘ఇది తాబేలు. మీరు చెప్పినట్టు నడుస్తుంది, నడిచిన చోటల్లా గీత పడుతుంది’ అన్నారు.

‘గిదేం తాబేలు సార్? సమోసా లెక్కుంది గదా!’ అంది జగదాంబ. సార్ కూడా నవ్వారు.

‘ఫార్వర్డ్’ అని రాసి అంకె వేస్తే అంత దూరం ముందుకు పోతుంది. ‘రైట్’ అని అంకె వేస్తే అన్ని డిగ్రీలు కుడికి తిరుగుతుంది. ‘రిపీట్’ అంటే చేసిందే చేస్తుంది. ఏదైనా తప్పు కొడితే అది కోప్పడదు అక్కా, ‘అది ఎలా చెయ్యాలో నాకు తెలియదు’ అని తెర మీద రాస్తుంది! మా బడిలో ఆ మాట అంత హాయిగా అనేది అదొక్కటే.

నేను నోటుపుస్తకం వెనక ఈ మాటలకి తెలుగు పేర్లు రాసుకుంటున్నాను. రిపీట్‌కి సార్ ‘పునరావృతం’ అన్నారు. జగదాంబ ‘మళ్ళ మళ్ళ’ అంది. నాకు జగదాంబ మాటే బాగుంది. తెర మీద మిణుకు మిణుకుమనే గీతకి ‘మిణుకు’ అని నేనే పెట్టాను. ఎలా ఉంది?

చోటు లేదు. కబుర్లు వచ్చే ఉత్తరంలో.

నీ
కృప


నర్సాపురం
24 సెప్టెంబర్ 1995

కృపమ్మకి,

నీ ఉత్తరం స్టాఫ్ రూమ్‌లో చదివి పైకే నవ్వాను. పక్కనున్న సైన్సు మేష్టారు ‘ఏంటి టీచర్, ఏంటి సంగతి?’ అంటే, సమోసా సంగతి చెప్పాల్సొచ్చింది.

‘మిణుకు’ చాలా బాగుంది. నేను వాడుకుంటాను, అభ్యంతరం లేదు కదా?

నీకో కబురు. మా హైస్కూలుకి కూడా పాత విద్యార్థుల సంఘం వాళ్ళు కంప్యూటర్లు పంపించారు. వేసవిలో నన్ను కాకినాడ పంపి శిక్షణ ఇప్పించారు. ఇప్పుడు నేను లెక్కల టీచర్నే కాదు, కంప్యూటర్ టీచర్ని కూడా. మీ తాబేలునే మా ఎనిమిదో తరగతి పిల్లలకి నేర్పిస్తున్నాను. పిల్లలు బాగా ఉత్సాహంగా ఉన్నారు.

బాబాయికి, పిన్నికి నా వందనాలు చెప్పు. జాగ్రత్తగా చదువుకో.

నీ అక్క
కాంతమణి


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
21 అక్టోబర్ 1995

ప్రియమైన అక్కా,

నువ్వు కంప్యూటర్ టీచర్‌వా! ఈ మాట నేను జగదాంబకి చెప్పాను, జగదాంబ తరగతంతా చెప్పింది. మీకెన్ని కంప్యూటర్లు? మీ తెర నల్లదా, రంగులదా? మీకు కూడా చల్లటి గది ఉందా? అన్నీ రాయి.

మా సంగతి విను. మాకిచ్చినవి రెండే కంప్యూటర్లు. తరగతిలో నలభై మందిమి. ఒక్కొక్కరికి కుర్చీలో కూర్చుని లేచేంత సేపే దొరుకుతోంది. అక్షరం వెతుక్కునేసరికి గంట కొట్టేస్తున్నారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. సండే స్కూల్లో బైబిల్ కంఠత వాక్యాల పోటీకి మనం ఎలా తయారయ్యేవాళ్ళం? అధ్యాయం, వచనం సంఖ్యతో సహా, కామా కూడా తప్పకుండా. అలాగే చేద్దామన్నాను. ఆర్థర్ సార్ బోర్డు మీద ఇల్లు గీసే ప్రోగ్రామ్ రాసిచ్చారు. కింద చతురస్రం, పైన త్రికోణం కప్పు. దాన్ని నేను అందరిచేతా కంఠతా పట్టించాను. రోజూ ప్రార్థన గంటకి ముందు వరసలో నిలబెట్టి అప్పజెప్పించుకుంటున్నాను. ‘ఫార్వర్డ్ వంద, రైట్ తొంభై’ అని నలభై గొంతులు ఒకేసారి! వాచ్‌మన్ కామరాజు ఇది కొత్త పాటనుకున్నాడు.

నిన్న శనివారానికి బదులు పీరియడ్ ఇచ్చారు. ఒక్కొక్కరూ కూర్చోవడం, టకటకా కొట్టడం, ఇల్లు రావడం. ఒక్క తప్పు లేదు, జగదాంబది తప్ప. దానికి ఏదీ నోటికి రాదు. మధ్యలో ఆగి ‘ఇది ఇటు దిరిగినంక ఎటు పోవాలె?’ అని తల అటూ ఇటూ తిప్పుతుంది. దాన్ని చివర్లో పెడదామనుకుంటున్నాను.

మేం గెలిచినట్టే అక్కా!

నీ
కృప


నర్సాపురం
2 నవంబర్ 1995

కృపమ్మా,

నలభై మందిని కూడగట్టావంటే నీకు నాయకత్వం ఉంది. సంతోషం.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఇంటిని కొంచెం చిన్నది చెయ్యమని ఎవరైనా అడిగితే మీ తరగతిలో ఎంతమంది చెయ్యగలరు?

జగదాంబ తల తిప్పుతుందన్నావే, ఎందుకు తిప్పుతుందో అడిగావా?

అక్క


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
13 నవంబర్ 1995

అక్కకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు టీచర్‌వి కాబట్టి నీకు తప్పులే కనిపిస్తాయి. ఒక్క తప్పు లేకుండా ముప్పై తొమ్మిది ఇళ్ళు వచ్చాయని రాస్తే, ‘చిన్నది చేస్తారా’ అని అడుగుతావు. మమ్మల్ని ఇల్లు చెయ్యమన్నారు, చేశాం.

నేనడిగిన వాటికి మాత్రం నువ్వు జవాబు రాయలేదు. మీకెన్ని కంప్యూటర్లు?

దేవకృప


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
2 డిసెంబర్ 1995

అక్కా,

ఇంటికొచ్చి యూనిఫాం కూడా మార్చుకోకుండా రాస్తున్నాను. అమ్మ అన్నానికి పిలుస్తోంది. నాకు ఆకలిగా లేదు.

డోరా మేడమ్ ఈరోజు ముందుగా ఒకసారి చూస్తానని వచ్చారు. నేను సంతోషంగా అందరినీ వరసలో నిలబెట్టాను. మొదట మేబెల్ కూర్చుంది. మా తరగతిలో అందరికంటే బాగా అప్పజెప్పేది అదే. ఇల్లు చక్కగా వచ్చింది. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, ‘బాగుంది. తెర నిండా ఉంది కదా, కొంచెం చిన్న ఇల్లు వెయ్యి’ అన్నారు.

మేబెల్ నా వైపు చూసింది. నేను సార్ వైపు చూశాను. మేబెల్ మళ్ళీ మొదటి నుంచీ కొట్టి, మధ్యలో ఆపేసి చేతులు కట్టుకుంది. సండే స్కూల్లో ‘చిన్న వాక్యం చెప్పమ్మా’ అంటే పెద్ద వాక్యంలో మొదటి ముక్క చెప్పి ఆపుతామే, అలా! తెర మీద నాలుగు గోడలు ఉన్నాయి. పైన కప్పు లేదు.

‘కప్పేది?’ అన్నారు మేడమ్.

‘చిన్నది అన్నారు కదా మేడమ్’ అంది మేబెల్.

ఎవ్వరూ నవ్వలేదు. తర్వాత నన్ను కూర్చోమన్నారు. నాకు ఎక్కడ ఏది మార్చాలో తెలియలేదు అక్కా. వందని యాభై చెయ్యాలని ఇంటికొస్తుంటే, బస్సు దిగాక తట్టింది. అప్పుడు మాత్రం నోట్లో మొత్తం ప్రోగ్రామ్ గిర్రున తిరుగుతోంది, ఎక్కడా ఆగడం లేదు.

మేడమ్ కోప్పడలేదు. అదే బాధ. ‘ఆర్థర్, పాఠం అప్పజెప్పడానికి కంప్యూటర్ ఎందుకు? నోటుపుస్తకం చాలు కదా’ అన్నారు. జనవరి ఆరున కమిటీ పెద్దలతో వస్తారట. అప్పటికీ ఇలాగే ఉంటే శనివారం పీరియడ్ తీసేస్తారట.

ఇది నా వల్లే. వాళ్ళచేత అలా చదివించింది నేనే. నువ్వు అడిగావు, నేను విసుక్కున్నాను. ఏం చెయ్యాలో చెప్పు. త్వరగా రాయి.

కృప


నర్సాపురం
8 డిసెంబర్ 1995

నా కృపమ్మకి,

ముందు అన్నం తిను.

నువ్వు రెండుసార్లు అడిగిన దానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మాకు నాలుగు కంప్యూటర్లు. నాలుగూ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. గదికి షాక్ కొట్టకుండా కాపాడే ఎర్తింగ్ లేదని, అది పెట్టేదాకా పెట్టెలు విప్పకూడదని హెడ్మాస్టారు తాళం వేశారు. జూన్ నుంచీ ఇదే సంగతి. నేను కంప్యూటర్ టీచర్ని, మా పిల్లలు ఇంతవరకు కంప్యూటర్ చూడలేదు. నువ్వు అంత సంబరంగా తెర రంగు అడుగుతుంటే, పెట్టె మీద ఏం రంగుందో రాయలేకపోయాను. గొప్ప పోతుందనుకున్నాను. పిచ్చిదాన్ని.

కానీ మా పిల్లలకి తాబేలు వచ్చు అన్నది అబద్ధం కాదు. ఎలాగంటే విను.

మా పిల్లల్లో ఒకరు తాబేలు. కళ్ళకి తువ్వాలు కట్టేస్తాం. ఆవరణలో నిలబడుతుంది. మిగతావాళ్ళు చెబుతారు: ఇన్ని అడుగులు ముందుకు, ఇంత కుడికి. తాబేలు వాళ్ళు చెప్పిందే చెయ్యాలి, సొంత తెలివి వాడకూడదు. వెనకాల ఒకరు ఇటుక ముక్కతో గీత గీస్తూ వస్తారు. బొమ్మ రాకపోతే తాబేలుది తప్పు కాదు, చెప్పినవాళ్ళది. ఎక్కడ తప్పిందో గీత మీద నడిచి వెతుక్కోవాలి. టీచర్ మాత్రం నోరు విప్పకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

ముందు నువ్వు కంఠత వాక్యాల వరస మానెయ్యి. బయటికి తీసుకెళ్ళు వాళ్ళని. జగదాంబని చివర పెట్టకు, ముందు పెట్టు. ఆ పిల్ల తల ఎందుకు తిప్పుతోందో నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. తాబేలుతోపాటు తనూ తిరుగుతోంది.

నీ
కాంతమణి అక్క


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
15 డిసెంబర్ 1995

అక్కా, అక్కా,

నీ ఉత్తరం అందిన మర్నాడే షురూ చేశాం (జగదాంబ మాట)!

అన్నం గంటలో గ్రౌండుకి పోయాం. జగదాంబ కళ్ళకి మేబెల్ చున్నీ కట్టాం. అది నడుం మీద చేతులు పెట్టుకుని, ‘సునో! నేను తాబేలు. మీరు జెప్పిందే జేస్త. ఎక్కువ జెయ్య, తక్కువ జెయ్య. గోడకి కొట్టుకున్ననంటే మీ పని జెప్త’ అంది. అన్నట్టే చేసింది. ‘ముందుకు’ అని చెప్పి ఎన్ని అడుగులో చెప్పడం మరిచిపోయాం. అది నేరుగా నడుచుకుంటూ డోరా మేడమ్ క్రోటన్ కుండీల్లోకి పోయింది. ‘ఆపమనలే గదా!’ అంది కుండీల మధ్య నిలబడి. కామరాజు చీపురు పట్టుకుని వచ్చాడు. మేం నవ్వలేక నేల మీద కూలబడ్డాం.

చతురస్రం మొదటిరోజే వచ్చేసింది. చిన్నది, పెద్దది, కిటికీ, తలుపు, అన్నీ. ఇప్పుడు మేబెల్‌ని ఎంత చిన్న ఇల్లు అడిగినా గోడలు వేసేస్తుంది.

కప్పు దగ్గర ఆగిపోయాం. సార్ రాసిచ్చింది చూడకుండా, కంఠతా పట్టిన వరస వాడకుండా మా అంతట మేమే చెయ్యాలని పందెం వేసుకున్నాం. మూడు భుజాలూ సమానమైన త్రికోణంలో ఒక్కో కోణం అరవై. లెక్కల పుస్తకంలో ఉంది. కాబట్టి నడువు, అరవై తిరుగు, నడువు, అరవై తిరుగు అని చెప్పాం. జగదాంబ మొదలుపెట్టిన చోటికి రావడం లేదు! ఎక్కడికో వంపు తిరిగి పోతోంది. మూడు రోజుల్నుంచి ఇదే తక్లీఫ్. పుస్తకం తప్పా? నువ్వు లెక్కల టీచర్‌వి. చెప్పవా?

నీ
కృప


నర్సాపురం
20 డిసెంబర్ 1995

(కార్డు)

కృపమ్మా, జవాబు నాకు తెలుసు. చెప్పను. పుస్తకమూ తప్పు కాదు, జగదాంబా తప్పు కాదు. నువ్వు తాబేలువి అయ్యావా ఒక్కసారైనా? అవు. నడు. క్రిస్మస్ శుభాకాంక్షలు అందరికీ. — అక్క


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
7 జనవరి 1996

ప్రియాతిప్రియమైన అక్కా,

ఆదివారం ఆరాధన అయి ఇంటికి రాగానే కూర్చున్నాను. ఇది పెద్ద ఉత్తరం. టీ పెట్టుకుని చదువు.

నీ కార్డు చూసి ఒళ్ళు మండింది. అయినా కళ్ళకి చున్నీ నేనే కట్టుకున్నాను. నడిచాను. ‘అరవై తిరుగు’ అన్నారు, తిరిగాను. జగదాంబ నా భుజాలు పట్టుకుని ఆపింది. ‘ఆగు. నువ్వు తిరక్కపోతే ఎటు పోతవు? సీదా పోతవు గదా. గా సీదా గీత కెల్లి లెక్కేసుకుని తిరగాలె. బుక్కు త్రికోణం లోపట కూసోని జూస్తది. మనం బయట నడుస్తున్నం’ అంది.

అక్కా, నాకు అరికాళ్ళ నుంచి తల దాకా జిల్లుమంది. లోపల మూల అరవై అయితే, సీదా గీత నూట ఎనభైలో అది పోగా నేను తిరగాల్సింది నూట ఇరవై! ఎన్నిసార్లు అప్పజెప్పానో ఆ నూట ఇరవైని. సార్ ప్రోగ్రామ్‌లో అదే ఉంది. అది ఎందుకుందని ఒక్కనాడూ అడగలేదు. కప్పు మూసుకుంది. మేబెల్ ఎగిరి గంతేసింది.

ఇక నిన్నటి సంగతి.

డోరా మేడమ్ వచ్చారు. కమిటీ పెద్ద అబ్రహాం గారు వచ్చారు. మారేడ్‌పల్లిలో ఉంటారు, రైల్వేలో రిటైరయ్యారు, తెల్ల మేజోళ్ళు, గదిలోకి చెప్పుల్లేకుండా రావాలంటే ముందు కాస్త చిరాకుపడ్డారు. చిన్న ఇల్లు అడిగారు, వేశాం. రెండు ఇళ్ళు పక్కపక్కన అడిగారు, వేశాం. మేడమ్ ముఖంలో ఏమీ తెలియడం లేదు. ‘ఇవి కూడా నేర్పించి ఉంటారు’ అన్నారు అబ్రహాం గారు. తర్వాత కిటికీలోంచి వరండా చూపించి, ‘క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతోంది కదా. అది వెయ్యండి’ అన్నారు.

ఆర్థర్ సార్ ముఖం వాడిపోయింది. ఆయన మాకు నక్షత్రం చెప్పలేదు.

కుర్చీలో నేనున్నాను. నక్షత్రానికి అయిదు మొనలు. గుండ్రంగా ఒక చుట్టు తిరిగితే మూడు వందల అరవై. అయిదుతో భాగిస్తే డెబ్భై రెండు. గబగబా కొట్టాను. తెర మీద అయిదు గోడల డబ్బా వచ్చింది.

‘ఇదా నక్షత్రం?’ అన్నారు మేడమ్.

జగదాంబ వెనక నుంచి, ‘కాదు మేడమ్, తప్పొచ్చింది. జెర ఆగుండ్రి, జూస్తం. మాకు బయటికి పోవాలె’ అంది. హెడ్‌మిస్ట్రెస్‌తో అలా ఎవరైనా మాట్లాడతారా! అయినా మేడమ్ తల ఊపారు. అందరం వరండాలోకి వచ్చాం. అబ్రహాం గారు కూడా మేజోళ్ళతోనే వచ్చారు.

అయిదుగురిని గుండ్రంగా నిలబెట్టింది జగదాంబ. వాళ్ళే మొనలు. పైన వేలాడే నక్షత్రాన్ని చూస్తూ, ఒకరిని వదిలి తర్వాతివాళ్ళ దగ్గరికి, మళ్ళీ ఒకరిని వదిలి ఆ తర్వాతివాళ్ళ దగ్గరికి నడిచింది. మేబెల్ గీత గీసింది. నక్షత్రం నేల మీద ఉంది, కానీ ఎంత తిరగాలి? మళ్ళీ నడిచింది. బయలుదేరిన చోటికి వచ్చి ఆగిపోయి, ‘ఏందే కృపా, నాకు తల తిరుగుతుంది. ఒక చుట్టు గాదు, రెండు చుట్లు దిరిగిన’ అంది.

‘మళ్ళీ తిరుగు!’ అని అరిచాను నేను. అందరం దాని ముఖం ఎటు తిరుగుతోందో చూశాం. నిజమే. గేటు వైపు మొదలుపెట్టి, దారిలో ఒకసారి గేటు వైపు తిరిగిపోయి, చివర మళ్ళీ గేటు వైపుకు వచ్చింది. రెండు నిండు చుట్లు! రెండు చుట్లంటే ఏడు వందల ఇరవై. అయిదుతో భాగిస్తే నూట నలభై నాలుగు.

గదిలోకి పరుగెత్తాం. జగదాంబనే కూర్చోమన్నాను. అది ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తాబేలు బయలుదేరింది. ఒక గీత, రెండు, మూడు... అయిదో గీత వచ్చి మొదటి దాన్ని ముట్టుకుంది.

అక్కా, నక్షత్రం!

మేం అరిచిన అరుపుకి పక్క తరగతుల టీచర్లు వచ్చారు. అబ్రహాం గారు ‘తప్పు చేశాం అని చెప్పి మరీ దిద్దుకున్నారే’ అని మళ్ళీ మళ్ళీ అన్నారు. డోరా మేడమ్ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసి, ‘నూట నలభై నాలుగు... నేను లెక్కలు చెప్పాను ఒకప్పుడు. ఇది ఎప్పుడూ నడిచి చూడలేదు’ అన్నారు.

పీరియడ్ ఉంటుంది. టైంటేబుల్‌లో రాస్తారు! కానీ మాకు కాదు అక్కా. మేం వచ్చే ఏడు పదో తరగతి, పబ్లిక్ పరీక్షలు, కంప్యూటర్ ఉండదు. మాకు మార్చి దాకానే. ఎనిమిదో తరగతి తెలుగు మీడియం నుంచి ఇక ఎప్పటికీ ఉంటుంది. అప్పుడు ఆర్థర్ సార్ అన్నారు, ‘నేనొక్కణ్ణి, పిల్లలేమో యాభై మంది. మీరిద్దరూ శనివారాలు వచ్చి గ్రౌండులో తాబేలు నేర్పిస్తారా?’ అని. ‘మేమా సార్? టీచర్లమా?’ అంది జగదాంబ. ఇంటి దాకా అదే మాట అంటూ వచ్చింది.

నీ
కృప టీచర్


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
3 ఫిబ్రవరి 1996

అక్కా,

ఈరోజు మా మొదటి క్లాసు. ఎనిమిదో తరగతి పిల్లలు త్రికోణం దగ్గర అచ్చం మాలాగే అరవై అన్నారు. తాబేలు వంకరగా పోయింది. నేను ఆగలేకపోయాను. ‘నూట ఇరవై!’ అనేశాను. వాళ్ళు సరే అని రాసుకున్నారు. అంతే. ఎవరి ముఖమూ వెలగలేదు. జగదాంబ నన్ను పక్కకి లాగి, ‘నువ్వు జెప్తె వాళ్ళేం నడుస్తరే?’ అని చీవాట్లు పెట్టింది.

జవాబు నాలుక చివర ఉన్నప్పుడు, పిల్లలు దానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నప్పుడు, నువ్వు నోరు ఎలా మూసుకుంటావు అక్కా? ఇది మాత్రం చెప్పాలి.

కృప


నర్సాపురం
9 ఫిబ్రవరి 1996

కృప టీచర్‌కి,

ఇది చెబుతాను.

చాక్‌పీసు పిడికిట్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంటాను. పిల్లలు దగ్గరికి వచ్చేకొద్దీ ఇంకా గట్టిగా. మా పిల్లలు కూడా త్రికోణానికి అరవై అన్న రోజున నా చేతిలో పొడి తప్ప ఏమీ మిగల్లేదు. చీరకంతా తెలుపే.

మా ఎర్తింగ్ గొయ్యి నిన్న తవ్వారు. బొగ్గు, ఉప్పు వేసి పిల్లలు బిందెలతో నీళ్ళు పోశారు. సోమవారం పెట్టెలు విప్పుతాం. స్విచ్ ఎవరు వెయ్యాలని తగువు పడుతున్నారు. నేను పిడికిలి మూసుకుని నిలబడ్డాను.

నీ అక్క
కాంతమణి